చెడుగుడు ఆటలో పట్టు బలము: కళాశాల బరికిని వృత్తి బరికిని గల తారతమ్యము

తేని మండలమున తెలుగు మాటలాడు కుటుంబముల పిల్లలు ఇంటిలో తెలుగును, బడిలో తమిళమును నేర్చుకొని పెరుగుదురు. రెండు భాషలకును ఇంచుమించు ఒకే పేరుతో దొరకు ఆట యొకటి కలదు. మనము దానిని చెడుగుడు అందుము. తమిళులు సడుగుడు అందురు. మహారాష్ట్రమున హుతుతు అనియు, వంగదేశమున హాడుడు అనియు దానికే పేర్లు. నేడు దేశమంతటను కబడ్డి యను పేరు స్థిరపడినది. సంక్రాంతి దినములలో ఈ ప్రాంతపు పల్లెలలో రాత్రివేళ దీపములు కట్టి నడపు పోటీలను చూడని పెద్దవారుండరు. ఆ ఆటను గూర్చి పరిశోధన వ్యాసమేమి యని కొందరు శంకింపవచ్చును. మన పిల్లలు ఏ పని వలన గెలుచుచున్నారో, ఏ పని వలన ఓడుచున్నారో విచారించుటయు విద్యలో నొక భాగమే యని నా మనవి.

ఈ వ్యాసమున విచారింపదలచిన ప్రశ్న యిది. విద్యార్థుల పోటీలలో కూతకు వచ్చినవాడు తరచుగా చెలరేగిపోవుచుండును, పట్టువారు చెదరిపోవుచుందురు. ఒక్క మంచి కూతగాడున్నచో చాలును, ఎదిరిపక్షము పది నిముషములలో పూర్తిగా ఖాళీయగుట కన్నులార చూచెదము. ప్రొ కబడ్డి లీగు వంటి వృత్తి పోటీలలో అంతటి కూతగాండ్రే వచ్చినను పట్టువారు ఇంత సులభముగా లొంగరు. ఆట యొకటే, బరి యొకటే. తేడా యెచ్చట పుట్టుచున్నది?

సామాన్యముగా వినవచ్చు సమాధానము “కుఱ్ఱవాండ్రకు బలము చాలదు” అనునది. ఈ సమాధానము నిలువదు. కూతకు వచ్చువాడును కుఱ్ఱవాడే గదా! బలము తక్కువైనచో ఇరువైపులను తక్కువ కావలెను. ఒకవైపు మాత్రమే ఎక్కువగా నష్టపోవుటకు కారణము వేఱొకటి యుండవలెను.

ఆట కట్టుబాటు

ముందుగా బరిని స్మరింతము. పురుషుల బరి పొడవు 13 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు. నడిమి గీతకు ఒక్కొక్క వైపున ఆఱున్నర మీటర్ల స్థలము. నడిమి గీత నుండి 3.75 మీటర్ల దూరమున బాక్ గీతయు, దానికి మఱియొక మీటరు లోపల బోనస్ గీతయు నుండును. ప్రక్కలందు మీటరు వెడల్పున లాబీలు కలవు; తాకుడు జరిగిన తరువాతనే అవి ఆటలో చేరును. పక్షమునకు ఏడుగురు. కూత 30 సెకనులు.

ఈ కట్టుబాటులోనే పట్టువారికి కొంత ప్రతికూలత యిమిడి యున్నది. కూతగాడు ఒక్క కూతలో ఇద్దరిని ముగ్గురిని తాకి యంతమంది లెక్కకు అన్ని పాయింట్లు తేగలడు. పట్టువారు ఎంత చక్కగా పట్టినను ఒక్క పాయింటే. తాము ముగ్గురో అంతకు తక్కువయో మిగిలియున్నప్పుడు పట్టినచో మాత్రము అదనముగా ఇంకొకటి లభించును. దానిని సూపర్ ట్యాకిల్ అందురు. ఆఱుగురికి తక్కువ గాకుండ పట్టువారున్నప్పుడు కూతగాడు బోనస్ గీతను దాటి ఒక కాలు మోపి, రెండవ కాలు గాలిలో నుంచినచో ఎవ్వరిని తాకకయే పాయింటు పొందును. కావున వృత్తి బరిలోను పట్టువారి లెక్క కూతగాండ్ర లెక్క కంటె చిన్నదిగానే యుండును. 2019లో పవన్ సెహ్రావత్ ఒక్క ఆటలో 39 కూత పాయింట్లు సంపాదించెను. 2022లో ఇరాను దేశీయుడైన మొహమ్మద్ రెజా షాద్లూయి ఒక ఆటలో 16 పట్టు పాయింట్లు సంపాదింపగా దానినే అపూర్వమని కొనియాడిరి. ప్రకృతిచేత ఉన్న ఈ వ్యత్యాసము రెండు బరులకును సమానమే. విద్యార్థుల బరిలో అది యేల మఱింత పెద్దదగుచున్నదో చూడవలెను.

మొదటి కారణము: ఒక్కని పనియు, నలుగురి పనియు

కూత ఒక్కని పని. ఎటు పోవలెనో, ఎప్పుడు మరలవలెనో అతడే నిశ్చయించును, అతడే చేయును. పట్టు నలుగురి పని. మూలనున్న కార్నరు ఆటగాడు చీలమండను పట్టినచో, ప్రక్కనున్నవాడు నడుమును పట్టవలెను. కవరు స్థానమున నున్నవాడు నడిమి గీతకు దారి మూయవలెను. అవతలి వైపువారు చేతులు విడువక గొలుసుగా వచ్చి చుట్టుముట్టవలెను. ఈ నలుగురిలో నొక్కడు అరక్షణము ఆలస్యము చేసినచో కూతగాడు చేయి చాచి గీతను తాకును. అప్పుడు పట్టినవాడు మాత్రమే గాక, తాకినవారందఱును వెలుపలికి పోవలసినదే.

ఈ విషయమును చిన్న లెక్కతో చూపవచ్చును. ఒక్కొక్క ఆటగాడు తన పనిని పదింట తొమ్మిది మార్లు సరిగా చేయుననుకొందము. కూతగాని పని ఒక్కనితో ముగియును గనుక అది నూటికి తొంబది మార్లు చక్కగా జరుగును. పట్టుకు నలుగురును ఒకేసారి సరిగా నడువవలెను గనుక అది నూటికి దాదాపు 66 మార్లే కుదురును. ఇప్పుడు ఇరువైపులను నేర్పు కొంత తగ్గి, ఒక్కొక్కడు పదింట ఎనిమిది మార్లు మాత్రమే సరిగా చేయుననుకొందము. కూతగాని పని తొంబది నుండి ఎనుబదికి దిగును. పట్టు మాత్రము 66 నుండి 41కి పడిపోవును. పదింట ఏడునకు దిగినచో కూత డెబ్బదియైనను, పట్టు ఇరువదినాలుగే. నిజమైన బరిలో ఒకని తప్పును ఇంకొకడు సరిదిద్దుటయు కలదు. కావున ఈ లెక్కను అక్షరాల గ్రహింపరాదు. అయినను దారి స్పష్టము: సగటు నేర్పు సమానముగా తగ్గినప్పుడు, ఒక్కనిచే జరుగు పని కొంచెముగను, పలువురు కలిసి చేయు పని అధికముగను చెడును. విద్యార్థుల పట్టు బలహీనమగుటకు మూలసూత్ర మిదియే.

మన ప్రాంతపు చరిత్రలో దీనికి తగిన పోలిక కలదు. మధుర నాయక రాజ్యమును స్థాపించిన విశ్వనాథ నాయకుడును, అతని దళవాయి అరియనాథ మొదలియారును దేశమును 72 పాళెములుగా విభజించి, మధుర కోటకు గల 72 బురుజులలో ఒక్కొక్క దానిని ఒక్కొక్క పాళెగాని రక్షణలో నుంచిరని చెప్పుదురు. నేటి తేని మండలములోని బోడినాయకనూరు అట్టి పాళెములలో నొకటి. అరువది బురుజులను ఎంత శూరులు కాచినను, డెబ్బది రెండవ బురుజు కాపరి నిద్రించినచో కోట పోయినట్లే. దండెత్తువానికి అట్టి చిక్కు లేదు. అతనికి ఒక్క బురుజు చాలును. మహాభారతములోని పద్మవ్యూహమును తలచుకొన్నను ఇదే తాత్పర్యము. అభిమన్యుడు లోనికి చొచ్చిన పిదప, సైంధవుడు ద్వారమున తన స్థానమును విడువక నిలిచినందుననే పాండవ వీరులు లోనికి రాలేకపోయిరి. వ్యూహము నిలుచునది శౌర్యముచేత మాత్రమే కాదు. ఎవరి స్థానమున వారు నిలుచుటచేత.

రెండవ కారణము: ఏడుగురు దొరకుట

ఏ కళాశాలకైనను ఒక గొప్ప కూతగాడు దొరకవచ్చును. పల్లెలో సహజముగా చురుకైన కాళ్ళతో, దీర్ఘమైన ఊపిరితో పుట్టిన బాలుడొకడు ఆ సంవత్సరము ఆ కళాశాలలో చేరినచో చాలును. ఏడుగురు మంచి పట్టువారు ఒకే సంవత్సరమున ఒకే కళాశాలలో చేరుట మాత్రము అరుదు. నలుగురు సమర్థులు, ముగ్గురు సామాన్యులు కలిసి బరిలో నిలుతురు. తెలివిగల కూతగాడు మొదటి రెండు కూతలలో ఆ ముగ్గురెవరో కనిపెట్టి, తరువాత వారి ప్రక్కకే పోవుచుండును. పట్టు బలము దానిలోని మిక్కిలి బలహీనుని బలమునకు మించదు.

వృత్తి బరిలో ఈ స్థితి మాఱును. 2014లో ఎనిమిది పక్షములతో ఆరంభమైన ప్రొ కబడ్డి లీగులో 2017 నుండి పండ్రెండు పక్షములు ఆడుచున్నవి. తెలుగు టైటన్స్ మొదటి నుండియు, తమిళ్ తలైవాస్ 2017 నుండియు నున్నవి. దేశమంతటి నుండియే గాక ఇరాను మొదలగు విదేశముల నుండి కూడ ఎన్నుకొనిన ఆటగాండ్రు ఈ పండ్రెండింటిలో సర్దుకొందురు. కావున అచ్చట ఎడమ మూల, కుడి మూల, రెండు కవరు స్థానములు అన్నియు ఆ పనియందే ఆరితేఱినవారితో నిండియుండును. 2017లో ఒకే క్రీడాకాలమున 369 కూత పాయింట్లు సంపాదించిన పర్దీప్ నర్వాల్ వంటివాడు కళాశాల బరిలో దిగినచో ఏమగునో ఊహింపవచ్చును. వృత్తి బరిలోనైతే అట్టివానికి ఎదుట అతనికి సమానులైన పట్టువారు నిలుచుటచేత ఆట ఆటగా నిలిచినది.

మూడవ కారణము: కాలము, పరిచయము

కూతగాని నేర్పు అతని వెంట వచ్చును. అతడు పల్లె నుండి కళాశాలకు, కళాశాల నుండి ఉద్యోగపు జట్టుకు మాఱినను తన కాళ్ళ నేర్పు తనతోనే యుండును. పట్టువాని నేర్పులో సగము మాత్రమే అతనిది. మిగిలిన సగము తన ప్రక్కవానితో గల పరిచయము. కార్నరువాడు ముందునకు వంగిన తీరును చూచియే ఇన్ స్థానపువాడు రాబోవు పట్టును గ్రహింపవలెను. కూత సాగుచుండగా మాటలాడుకొనుటకు సమయ ముండదు. చేతిని పట్టుకొన్న బిగువులోనే సందేశము నడువవలెను. ఇట్టి పరిచయము నెలల తరబడి కలిసి ఆడినగాని పుట్టదు.

కళాశాల జట్టు ప్రతి సంవత్సరమును మాఱును. మూడవ సంవత్సరపు విద్యార్థులు వెడలిపోవుదురు. మొదటి సంవత్సరపువారు వచ్చి చేరుదురు. పరీక్షలు నడుమ అడ్డుపడును. రెండు సంవత్సరములు శ్రమించి కుదిరిన జంట మూడవ యేట విడిపోవును. విద్యార్థుల పోటీలు సాధారణముగా ఓడినవారు తొలగిపోవు పద్ధతిని జరుగును గనుక, ఎదిరి కూతగాడు కుడికాలితో తన్నునో, ఎడమచేతితో తాకునో, వెనుకకు మరలునో, తలపై నుండి దుముకునో పట్టువారికి ఆటకు ముందు తెలియదు. తెలిసికొను లోపలనే ఆట ముగియును.

వృత్తి జట్లు పోటీకి ముందు వారముల తరబడి ఒకేచోట వసించి సాధన చేయుదురు. పండ్రెండు జట్లు ఒకదానితో నొకటి రెండేసి మార్లు తలపడు సంవత్సరములలో ఒక్కొక్క జట్టుకు ఇరువదిరెండు ఆటలు లభించును. ఎదిరి కూతగాని ఆటలన్నియు చిత్రములలో నిలిచియుండును. వాని యలవాట్లను శిక్షకులు గంటల తరబడి చూపి నేర్పుదురు. తెలియనితనము దండెత్తువానికి ఆయుధము, కాచువానికి శత్రువు. ఆ తెలియనితనమును తగ్గించుటయే వృత్తి శిక్షణలో పట్టువారికి లభించు ప్రధాన లాభము.

నాల్గవ కారణము: ఓర్పు

పట్టులో రెండు భాగములు కలవు: పట్టుట, పట్టకుండుట. ఈ రెండవదియే కష్టతరము. కూతగాడు రిక్తహస్తములతో మరలిపోయినచో పట్టువారికి నష్టమేమియు లేదు. ఇట్లు వరుసగా రెండు కూతలు వట్టివిగా పోయినచో మూడవ కూతలో పాయింటు తెచ్చియే తీరవలెను, లేనిచో కూతగాడే వెలుపలికి పోవలెను అను నియమము వృత్తి పోటీలందు కలదు. అంతర్జాతీయ పోటీలకును వ్యాపించినది. కావున నేర్పరులగు పట్టువారు మొదటి రెండు కూతలను వెనుకకు జరిగి పోనిచ్చి, మూడవ కూతకై వేచియుందురు. అప్పుడు తొందరపడవలసినవాడు కూతగాడు, పట్టువారు కారు.

విద్యార్థి బరిలో ఇట్టి ఓర్పు అరుదు. చుట్టును నిలిచినవారు కేకలు వేయుచుందురు. ముందునకు దుమికి పట్టినవానికి చప్పట్లు కలవు. దుమకక నిలిచినవానికి లేవు. పదునెనిమిదేండ్ల బాలుడు ఆ చప్పట్లకై తొందరపడి ఒంటరిగా ముందుకు పోవును. ప్రక్కవాడు ఇంకను సిద్ధముగా నుండడు. కూతగాడు కోరినదియు నదియే.

ఓర్పు విలువను తెలుపు ప్రసిద్ధమైన ఘట్టమొకటి కలదు. 2022 ఆసియా క్రీడలు 2023లో చైనాలోని హాంగ్‌జౌ నగరమున జరిగినప్పుడు, పురుషుల కబడ్డి తుదిపోటీలో భారత ఇరాను జట్లు ముగింపు సమయమున 28–28తో సమానముగా నుండెను. పవన్ సెహ్రావత్ కూతకు పోయి, ఎవ్వరిని తాకకయే లాబీలో అడుగిడెను. అతనిని పట్టుకొనుటకై ఇరాను ఆటగాండ్రును వెంబడించి లాబీలోనికి వచ్చిరి. పాత నియమము ప్రకారము వారును వెలుపలివారేనా, క్రొత్త నియమము ప్రకారము కూతగాడు మాత్రమేనా యను వివాదము పుట్టి ఆట చాలసేపు నిలిచిపోయెను. తుదకు భారత పక్షము 33–29తో గెలిచెను. ఏ నియమము న్యాయమో ఇచ్చట మనకు ప్రసక్తము కాదు. తాకుడు లేకయే వెలుపలికి పోవుచున్న కూతగానిని వెంబడింపక నిలిచియుండిన యెడల ఆ వివాదమునకే తావుండెడిది కాదు. లోకమున మేటియగు పట్టువారికే అట్టి తొందరపాటు సంభవించినప్పుడు, విద్యార్థులను నిందించుట తగునా?

ఐదవ కారణము: ఒక తప్పు మఱియొక తప్పును కనుట

పట్టు విఫలమైనప్పుడు పాయింటు పోవుటతో ముగియదు, మనిషియు పోవును. ఏడుగురు ఆఱుగురగుదురు, ఆఱుగురు నలుగురగుదురు. మూల కాచువాడు వెలుపల కూర్చున్నచో అతని స్థానమున అలవాటు లేనివాడు నిలువవలెను. అతడు తప్పుట మఱింత సులభము. తుదకు అందఱును పోయి, ఎదిరిపక్షమునకు అదనముగా రెండు పాయింట్లు చేరును. కూత విఫలమైనచో ఇట్టి గొలుసుకట్టు నష్టము తక్కువ. అప్పుడును జట్టులో ఒకడు తగ్గును గాని, ఒక కూతగాడు పోయిన మఱియొకడు కూతకు పోవును.

వృత్తి జట్లు దీనిని ముందే తలచి, ముగ్గురితోను ఇద్దరితోను పట్టు సాధన చేయుచుందురు. సూపర్ ట్యాకిల్ పాయింట్లు వారికి అట్లు లభించును. ప్రతివాడును రెండు మూడు స్థానములందు నిలువగలడు. కళాశాలలలో ఏడుగురు నిలిచి చేయు సాధనయే తక్కువ. ముగ్గురితో చేయునది ఇంకను తక్కువ. కావున విద్యార్థి జట్టు నలుగురికి దిగిన తరువాత లేచి నిలువలేక కూలిపోవును.

దీనికి తోడు నేల తేడా యొకటి. పోటీలు నేడు మెత్తని మ్యాటుపై, బూట్లతో జరుగుచున్నవి. మన పల్లెలలోను అనేక విద్యాలయములలోను సాధన మట్టిపై వట్టి కాళ్ళతో జరుగుచున్నది. చీలమండ పట్టునకు నేలపై పడి దుముకవలెను. గట్టి మట్టిపై మోకాళ్ళును మోచేతులును చిట్లును గనుక బాలురు ఆ దుముకును పూర్ణముగా అభ్యసింపరు. కూతగాడు మాత్రము మట్టిపై నేర్చిన పాదగతిని మ్యాటుపై కొలది దినములలో సరిచేసికొనగలడు. ఇట్లు నేల మాఱుటయు పట్టువానికే ఎక్కువ నష్టము.

అమెరికా దేశపు ఆటతో పోలిక

ఇట్టి ప్రశ్నయే సముద్రములకు అవతల వేఱొక ఆటను గూర్చి పుట్టియున్నది. అమెరికా దేశమున నేడు లక్షల కొలది తెలుగువారు నివసించుచున్నారు. అచ్చట ఫుట్‌బాల్ అనగా మనమెఱిగిన కాలిబంతి కాదు. కోలగా నుండు బంతిని చేతబట్టుకొని పరుగెత్తుచు, విసరుచు ముందునకు సాగు ఆట. కళాశాల జట్లును, వృత్తి జట్లును వేఱువేఱుగా ఆడును. కళాశాలల ఆటలో రక్షణపక్షము ఎక్కువగా చెదరుననునది అచ్చటి ప్రేక్షకుల చిరకాలపు పరిశీలనము.

అచ్చటి కారణములలో కొన్ని మన కారణములే. వృత్తి జట్లు 32 మాత్రమే. ఒక్కొక్క దానిలో 53 మంది. అగ్రశ్రేణి కళాశాల జట్లు 130కి మించి యున్నవి గనుక సమర్థులు చెదరిపోవుదురు. విద్యార్థులకు క్రీడాకాలమున వారమునకు 20 గంటలకు మించి సాధన చేయింపరాదని నియమము కలదు. వృత్తివారికి అదియే జీవితము. రక్షణ ఆటగాడొకనికి శిరస్త్రాణములోని రేడియో ద్వారా శిక్షకుడు సూచనలిచ్చు సౌకర్యము వృత్తి ఆటలో 2008 నుండి యుండగా, అగ్రశ్రేణి కళాశాల ఆటకు 2024లోగాని రాలేదు.

అయితే అచ్చట గీతలే వేఱు. ఆ మైదానము వెడల్పు 160 అడుగులు. బంతిని నిలుపు స్థానమును నిర్ణయించు రెండు వరుసల హ్యాష్ గీతల నడిమి దూరము వృత్తి ఆటలో పదునెనిమిదిన్నర అడుగులు. కళాశాల ఆటలో 40 అడుగులు. కావున కళాశాల ఆటలో బంతి ఒక ప్రక్క గీతపై నిలిచినప్పుడు ఒకవైపున 60 అడుగులును, మఱియొకవైపున 100 అడుగులును మిగులును. వృత్తి ఆటలో అవి సుమారు 71, 89 అడుగులు మాత్రమే. నూఱడుగుల విశాల ప్రదేశమును కాచుట ఎంత కష్టమో చెప్పనక్కఱలేదు. మఱియు, బంతిని విసరుటకు ముందు ముందువరుసలోని బలాఢ్యులు కళాశాల ఆటలో మూడు గజముల వఱకు ముందుకు పోవచ్చును. వృత్తి ఆటలో ఒక గజమే. వారు ముందుకు కదలుట చూచి, బంతి పరుగున వచ్చుననుకొని రక్షకుడు ముందుకు దూకును. అంతలో బంతి అతని తలపై నుండి విసరబడును. బంతిని పట్టినవాడు గీత లోపల ఒక్క పాదము మోపిన కళాశాల ఆటలో చాలును. వృత్తి ఆటలో రెండు పాదములును మోపవలెను.

ఈ పోలిక వలన మనకొక ముఖ్యమైన సంగతి తేటపడుచున్నది. అమెరికాలో కళాశాల రక్షణపక్షము బలహీనమగుటకు కొంత కారణము మనుష్యులలో నున్నది, కొంత కారణము గీతలలో నున్నది. గీతలలోని కారణము ఎంత శ్రమించినను పోదు. మన చెడుగుడులోనో, కళాశాల పురుషుల బరియు వృత్తి బరియు పొడవు వెడల్పులలో ఒకటే. బోనస్ గీత అదే దూరమున నున్నది. కూత కాలము అదే. మన విద్యార్థుల పట్టు చెదరుటకు గల కారణములలో దాదాపు అన్నియు సాధనకును, ఏర్పాటునకును సంబంధించినవే. కావున అవి మన చేతిలో నున్నవి.

చేయదగినది

మొదటిది, సాధన సమయములో సగమైనను పట్టుకు కేటాయింపవలెను. ఒక్కని పని ఒంటరిగా నేర్చుకొనవచ్చును. నలుగురి పనిని నలుగురును కలిసియే నేర్వవలెను గనుక దానికే ఎక్కువ కాలము కావలెను. అందులోను కొంత భాగము ముగ్గురితోను నలుగురితోను జరుగవలెను.

రెండవది, జంటలను వయస్సు చూచి కూర్పవలెను. మూడవ సంవత్సరపు కార్నరు ప్రక్కన మొదటి సంవత్సరపు బాలుని నిలిపినచో, పెద్దవాడు వెడలిపోయినను విద్య జట్టులో మిగులును. మన యిండ్లలో వంట తల్లి నుండి కూతునకు వచ్చినట్లు పట్టు కూడ రావలెను.

మూడవది, ప్రతి ఆటలోను కూతలను పుస్తకమున వ్రాయవలెను. ఎవరు పట్టిరి యనునది మాత్రమే గాక, ఎన్ని కూతలు వట్టివిగా మరలినవి, తొందరపాటు వలన ఎన్ని పాయింట్లు పోయినవి యనునవి కూడ లెక్కింపవలెను. ఓర్పునకు లెక్క యున్నప్పుడే ఓర్పునకు గౌరవ ముండును.

నాల్గవది, మ్యాటు. ప్రతి విద్యాలయమును కొనలేకపోవచ్చును. తేని పట్టణమున మన కమ్మవారు సంఘము విద్యాలయములను కళాశాలలను నడుపుచున్నది. ఇతర తెలుగు కుటుంబముల పిల్లలును, తమిళ కుటుంబముల పిల్లలును అనేక సంస్థలలో కలిసి చదువుచున్నారు. ఏ సంఘమైనను ఏ సంస్థయైనను ఒక మ్యాటును సమకూర్చి, వంతులవారీగా చుట్టుపట్టుల బాలురకు బాలికలకు ఇచ్చినచో, అది దేవాలయమునకు దీపము పెట్టించుటకు తీసిపోని పుణ్యము. 2010 నుండి ఆసియా క్రీడలలో స్త్రీల కబడ్డియు కలదు. 2023లో హాంగ్‌జౌలో మన స్త్రీల జట్టు 26–25తో, అనగా ఒక్క పాయింటు తేడాతో, స్వర్ణము గెలిచినది. ఒక్క పట్టు విలువ ఎంతటిదో ఇంతకంటె ఎవరు చెప్పగలరు?

ఐదవది, పట్టు సరిగా నేర్పకుండుట అపాయకరము కూడ. తల ఎచ్చట నుంచవలెనో, భుజమును ఎట్లు ఆనింపవలెనో తెలియని బాలుడు దుమికినప్పుడు మోకాలో మెడయో దెబ్బతినును. ఓటమి మఱునాటికి మఱపునకు వచ్చును; విఱిగిన మోకాలు జీవితాంతము జ్ఞాపకముండును. పేదకుటుంబమున పొలము పనికి పోవలసిన బాలుని విషయమున ఇది మిక్కిలి గంభీరమైన సంగతి.

తుదకు ఒక్క మాట. ఆట ఓడినప్పుడు బరి వెలుపల నిలిచిన పెద్దలు “పట్టలేకపోయినారు” అని కార్నరు బాలురను దూషించుట మనము వినుచుందుము. గెలిచినప్పుడు మాల కూతగానికి పడును. ఈ యలవాటు వలన చురుకైన బాలుడెవ్వడును పట్టుకు నిలువ నొల్లడు. మిగిలినవారే ఆ స్థానములకు వత్తురు. పట్టు మఱింత బలహీనమగును. వృత్తి లోకము ఇట్లు తలచుట లేదు. 2023లో జరిగిన వేలమున పవన్ సెహ్రావత్‌ను తెలుగు టైటన్స్ వారు 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు తీసికొనగా, ప్రధానముగా పట్టుచేతనే పేరుగాంచిన షాద్లూయికి పుణేరి పల్టన్ వారు 2 కోట్ల 35 లక్షలు ఇచ్చిరి. ఆ జట్టే 2024 మార్చిలో విజేతగా నిలిచినది. మూల నిలుచు పని తక్కువదని తేని బాలుడు తలంపనక్కఱలేదు.

డెబ్బది రెండు బురుజులలో ఏ బురుజు కాపరి పేరును చరిత్ర వ్రాయలేదని అతడు తన బురుజును విడిచిపోలేదు. అయినను, అతనికి జీతమును గౌరవమును ఇచ్చుట రాజ్యము చేయదగిన పని. మన బాలురలో ఒక కార్నరుకు, ఒక కవరుకు ఈ యేడు సంక్రాంతి పోటీలో ఒక చిన్న బహుమానమైనను ప్రత్యేకముగా నీయుడని సంఘ పెద్దలను వేడుచు, ఈ వ్యాసమును ముగించుచున్నాను.